అవతలి ఒడ్డున కర్ర గంట

నాకు ఐదు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, పొలం గట్టు దాటితే దోర్లి, ఇంకా లోపలికి పోతే గోండీ, సంతలో హల్బీ, సర్కారు మనుషులతో హిందీ. ఇందులో నేను కష్టపడి నేర్చుకున్నది ఒక్కటీ లేదు. బస్తర్ రాజ్యంలో తర్లగూడ మూల పుట్టినవాడికి అవి జలుబు పట్టినట్టు పట్టుకుంటాయి. వాటి పుణ్యాన నాకు ఇంద్రావతి ఒడ్డున ఉన్న అడవి నాకాలో, అంటే అడవి శాఖ చౌకీలో, నౌకరీ దొరికింది. పేరుకు రాతకోతలు చూసే ముంషీని. అసలు పని మాత్రం పై నుంచి వచ్చిన హుకుం గూడేలకు వినిపించడం, గూడేల మొర పైకి వినిపించడం. మావాడి నోటికే జీతమిస్తున్నారని మా నాయన ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ నోటితో నేను చేసిన పని గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఎనభై దాటాక కూడా రాయకపోతే ఇక ఎప్పుడు రాస్తాను?

మా నాకాకు రెండు కోసుల దూరంలో ఇంద్రావతి పెద్ద మలుపు తిరుగుతుంది. ఆ మలుపు లోపల ఒక బీడు ఉండేది. దానికి వేరే పేరు లేదు. చుట్టుపక్కల మూడు గూడేల వాళ్లూ దాన్ని బీడు అనే అనేవాళ్లు. వానలు వెనకబట్టాక అందులో గడ్డి మనిషి తల దాటి పెరిగేది. ఇళ్లు కప్పుకునే గడ్డి అక్కడిదే, ఎండాకాలం తవ్వుకునే దుంపలు అక్కడివే. బీడు వెనక టేకూ మద్దీ కలిసిన అడవి. ఎవరి పట్టాలోనూ లేని నేల అది. నల్లటి మంచి మన్ను ఉన్నా మూడు గూడేల్లో ఏ ఒక్కరూ అందులో నాగలి పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని నేను కొత్తలో అడిగితే, అక్కడ బర్రెలున్నయి గదా అన్నారు.

బర్రెలంటే ఇంటి బర్రెలు కావు, అడవి బర్రెలు. వాటి పక్కన నిలబెడితే ఇంటి బర్రె దూడలా కనిపించేది. పోతు కొమ్ములు మనిషి రెండు చేతులూ బార్లా చాపినా అందనంత వెడల్పు. మధ్యాహ్నం బురద మడుగులో ముక్కు వరకు మునిగి ఉండేవి, చల్లబడ్డాక లేచి గడ్డిలోకి నడిచేవి. గూడెం ఆడవాళ్లు ఎదకొచ్చిన తమ బర్రెలను బీడు అంచున వదిలి వచ్చేవాళ్లు. అడవి పోతు వచ్చి కలిసేది. అలా పుట్టిన దూడలకు బలం ఎక్కువని, వాటిని చూసి పులి కూడా రెండుసార్లు ఆలోచిస్తుందని చెప్పుకునేవాళ్లు. "అయితే మీకూ ఆ గుంపుకూ వియ్యం ఉందన్నమాట" అని నేనొకసారి వేళాకోళం చేశాను. గూడెం పెద్ద నవ్వలేదు. అవునన్నాడు.

ఆయన గురించి చెప్పాలి. బీడుకు దగ్గరి గూడేనికి ఆయనే పెద్ద. దోర్లవాడు. వయసులో ఉన్నప్పుడు గోదావరి దాటి కూలికి పోయేవాడట, అందుకని తెలుగు బాగా వచ్చు. నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. మా దిక్కున మనుషులు ఒకరినొకరు తమవాళ్లుగా ఖాయం చేసుకునే పద్ధతి అది. మాట తక్కువ మనిషి. చేతిలో ఎప్పుడూ నార ఉండేది, మాట్లాడుతూనే తాడు పేనేవాడు. ఆయన వంశం వాళ్లకు అడవి బర్రె తోబుట్టువు లాంటిది. దాన్ని చంపరు, దాని మాంసం ముట్టరు. అది ఎక్కడైనా చచ్చిందని తెలిస్తే ఇంట్లో మనిషి పోయినట్టే నీళ్లకుండ వాకిట్లో పగలగొట్టి, ఏటికి పోయి తలకు పోసుకుని వస్తారు.

నేను నాకాలో చేరిన రెండో ఏడు ఎక్కడినుంచో ఒక పెద్దమనిషి వేటకు వచ్చాడు. ఎవరి అతిథో, ఏ ఊరివాడో నాకు తెలియదు, తెలుసుకునే పాటి మనిషిని కూడా కాను. ఆయనకు అడవి పోతు తలకాయ కావాలి, గోడకు తగిలించుకోవడానికి. అప్పుడు మా నాకా మీద ఉన్న రేంజరు నన్ను పిలిచాడు. వేట అని తెలిస్తే ఈ గూడెం వాళ్లు గుంపును ఎటో తప్పిస్తారు, ఇంతకుముందు రెండుసార్లు అదే జరిగింది అన్నాడు. "సాహెబు చూడటానికే వస్తున్నాడని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు."

నేను పోయి చెప్పాను. మామ వాకిట్లో కూర్చుని, ఆయన కోడలు పోసిచ్చిన అంబలి తాగుతూ చెప్పాను. "చూడనీకే వస్తున్నడు మామా." ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి సరేనన్నాడు. ఆ సమయంలో నాకేమనిపించిందో దాచకుండా రాయాలి. పెద్దగా ఏమీ అనిపించలేదు. నౌకరీ పోతుందని భయం ఉంది, సాహెబు దగ్గర మెప్పు వస్తుందన్న ఆశ ఉంది. మాట నాది కాదు కదా, రేంజరుది కదా, నేను దాన్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చానంతే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది.

మర్నాడు మామే ముందు నడిచి గుంపును చూపించాడు. చేయి చాపి, ఆ పొడుగు కొమ్ములది గుంపుకు పెద్ద, దాని పక్కది ఈ ఏడు ఈనింది అని పేరుపేరునా చెప్పినట్టు చెప్పాడు. నేను అవన్నీ హిందీలోకి మార్చాను. సాహెబు తన నౌకరు భుజాన ఉన్న పొడుగాటి తోలు సంచి విప్పి తుపాకి తీశాడు. మామ నా వైపు తిరిగేలోపే పేలింది. పొడుగు కొమ్ములది మోకాళ్ల మీద కూలబడి, మళ్లీ లేచి, గడ్డిలో చాలా దూరం పోయి పడింది. ఆ సాయంత్రం గూడెంలో కుండలు పగిలాయి. ఒక్కో వాకిట్లో ఒక్కో చప్పుడు. నేను సాహెబు సామాను కట్టిస్తూ అవన్నీ విన్నాను. మామ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు రోజుల తర్వాత నేను గూడేనికి పోతే మామూలుగానే అంబలి పోయించాడు. పాపం పెద్దాయన మర్చిపోయాడు అనుకున్నాను.

ఆ తర్వాత ఐదారేళ్లు అడవి తన మానాన తానుంది. నాకు పెళ్లయింది, నాకా పక్కనే గుడిసె వేసుకున్నాం. అప్పుడొక ఏడు ఎండలు ముదిరే వేళ కూలీలు కొందరు వచ్చి బీడు వెనక టేకు చెట్లకు ముద్ర సుత్తితో గుర్తులు కొట్టడం మొదలుపెట్టారు. రైలు పట్టాల కింద వేసే దిమ్మెల కోసం ఆ అడవిని గుత్తకు ఇస్తారని, కోసిన మానులు పేర్చడానికి బీడును చదును చేస్తారని నాకాలో మాట. ఆ మాట నా ద్వారా పోకముందే గూడేనికి చేరింది. సుత్తి చప్పుడుకు భాష అక్కర్లేదు.

మామ నాకాకు వచ్చాడు. అంతకుముందు వెట్టికి తప్ప ఆయన నాకా గడప తొక్కినవాడు కాదు. "అర్జీ రాయాలె అల్లుడా" అన్నాడు. నేను కాగితం, సిరా పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ మొదలుపెట్టాడు.

"రాయి. ఈ బీడు మాది కాదు."

కలం ఆపాను. "అట్ల రాస్తే ఎట్ల మామా? మీది కాకపోతే మీకెందుకిస్తరు?"

"మాకియ్యమని ఎవరన్నరు? మాదంటే పట్టా ఏదంటరు. మాది కాదు. అడవి బర్రెలు మేస్తయి, మా బర్రెలు మేస్తయి, మేం గడ్డి కోసుకుంటం, దారిన పోయేటోడు దుంప తవ్వుకుంటడు. మా తాతలు గూడ మాది అనలే. ఇప్పుడు గుత్తేదారు నాది అంటనని వస్తండు. ఎవనిదో ఒకనిది జెయ్యొద్దని రాయి. గొడ్డలి రావొద్దు, తుపాకి రావొద్దు. మాది గూడ రావొద్దు, మా గొడ్డలి గూడ."

నేను ఎన్నో అర్జీలు రాశాను. ప్రతి అర్జీలోనూ నా తెలివి కాస్త కలిపేవాణ్ణి, గరీబు ప్రజలమని, ప్రభువుల పాదాల దగ్గర అని. ఈ ఒక్కటి మాత్రం ఆయన చెప్పింది చెప్పినట్టు హిందీలోకి దించాను. ఎందుకో అందులో చేయి పెట్టబుద్ధి కాలేదు. మూడు గూడేల వాళ్లు దీపపు మసి రాసుకుని వేలిముద్రలు వేశారు. ఒక ముసలామెకు ఎన్నిసార్లు నొక్కినా ముద్ర పడలేదు, గడ్డి కోసి కోసి వేలి గీతలు అరిగిపోయాయి. ఆఖరికి అరచెయ్యి మొత్తం వేసింది.

అప్పటికి పాత రేంజరు మారిపోయాడు. అడవుల మీద కొత్త అధికారి ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. చెట్టు కింద కుర్చీ వేసుకుని ఆ అర్జీని రెండుసార్లు చదివాడు. ఇది నువ్వు కల్పించి రాశావా, వాళ్లే చెప్పారా అని అడిగాడు. వాళ్లే చెప్పారు హుజూర్ అన్నాను. చాలాసేపు ఆ అరచేతి ముద్రనే చూశాడు.

"ఇలాంటి గుంపులు ఇప్పుడు ఎక్కడా మిగల్లేదు" అన్నాడాయన. "ఇక్కడ ఉన్నది నిజమే అయితే, నా కళ్లతో చూస్తే, ఆ బీడూ దాని వెనక అడవీ మూసేయమని దివాణానికి రాస్తాను. అటు గుత్తా ఉండదు, ఇటు వేటా ఉండదు. నా మాట అక్కడ చెల్లుతుంది. కానీ చూడకుండా ఒక్క అక్షరం రాయను. చూడనిది రాసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు."

తుపాకి మాత్రం తేవద్దు హుజూర్ అని బతిమాలాను. ఆయన నవ్వి, నాకు వేట అలవాటు లేదన్నాడు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. ఎండను లెక్కచేయకుండా గూడేనికి నడిచాను. నా జన్మకు ఒక మంచి కబురు మోసుకుపోతున్నానని దారిపొడుగునా మురిసిపోయాను.

మామ వాకిట్లో తాడు పేనుతున్నాడు. అంతా చెప్పాను. సాహెబు ఎంత మంచివాడో చెప్పాను, ఏమి రాస్తానన్నాడో చెప్పాను. చివరికి అన్నాను, "చూడనీకే వస్తున్నడు మామా."

అన్నాక ఆ మాట నా చెవికే తగిలింది. అదే వాకిలి, అవే మాటలు. మామ చేతిలో తాడు ఆగింది.

"తుపాకి?"

"తేడు. నేనే అడిగిన."

ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చిన్నపిల్లవాడు జ్వరంలో మాట్లాడుతుంటే పెద్దవాళ్లు చూసే చూపు అది. "అట్లనే. రమ్మను" అన్నాడు. నేను చెప్పవలసిన మాట ఇంకొకటి నా గొంతులో ఉంది. ఆనాడు నేను తెలిసే అబద్ధమాడాను, ఈనాడు ఆడటం లేదు. అంతే, రెండు ముక్కలు. ఇప్పుడు ఇంత మంచి వేళ పాత కంపు ఎందుకు కెలకడం అనుకుని మింగేశాను. వచ్చేటప్పుడు ఆయన కోడలు ఒక గుమ్మడికాయ ఇచ్చింది. అది భుజాన పెట్టుకుని పాట కూడా పాడుకుంటూ వచ్చాను.

అధికారి చెప్పిన రోజునే పొద్దున్నే వచ్చాడు. తుపాకి లేదు. గూడెంలో ఆగి మంచినీళ్లు తాగాడు. గూడెం వాళ్లంతా నిలబడి చూస్తున్నారు. ఆయన నౌకరు భుజాన పొడుగాటి తోలు సంచి ఒకటి వేలాడుతోంది. అందులో ఉన్నది ఇత్తడి దూరపు గొట్టం, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించేది. నాకు తెలుసు. ముందురోజే నాకాలో నాకు చూపించాడు. మామ కళ్లు ఆ సంచి మీదే ఉన్నాయి. కాసేపటికి ఆయన తలగుడ్డ విప్పి, గట్టిగా రెండుసార్లు దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. ఎండగా ఉంది, చెమట పట్టిందేమో అనుకున్నాను. ఒక్క నిమిషం పని, ఆ సంచి విప్పి గొట్టం తీసి మామ చేతిలో పెట్టి ఉంటే. నాకు తోచలేదు. గుట్ట మీద మామ తమ్ముడు నిలబడి ఉన్న సంగతీ, ఏటి రేవు దగ్గర ఆయన కోడలు బర్రె తాడు పట్టుకుని నిలబడిన సంగతీ కూడా నాకు అప్పుడు తెలియదు.

బీడు అంచున ఎత్తుగా ఒక మట్టి గట్టు ఉండేది. దాని మీద గొట్టం నిలబెట్టాడు అధికారి. కింద మడుగులో నీళ్లు ఇంకా బురదగా తిరుగుతున్నాయి. గడ్డి పడుకుని ఉంది, అప్పుడే లేచిపోయినట్టు. ఇక్కడే ఉన్నాయి, వస్తాయి అని అధికారి ఉత్సాహంగా గుసగుసలాడాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని నేల మీదే బోర్లా పడుకున్నాడు. అంత హోదా మనిషి అలా పడుకోవడం నేనెక్కడా చూడలేదు. చాలాసేపు గడిచింది. మామ మాకు కాస్త వెనక చెట్టు కింద కూర్చుని తాడు పేనుతున్నాడు.

అప్పుడు వినిపించింది. టొక్, టొక్. ఏటికి అవతలి ఒడ్డు నుంచి.

ఆ గంట నాకు తెలుసు. మామ ఇంటి బర్రె మెడలోది, ఆయన చేత్తో తొలిచిన టేకు కర్ర గంట. ఒక పక్క పగిలి, మోగినప్పుడు చప్పుడు పూర్తికాకుండా ఆగిపోయేది. అవతలి ఒడ్డు మా రాజ్యం కాదు. అక్కడికి ఇటువైపు వాళ్లు ఎవరూ పశువులను తోలరు. ఎదకొచ్చిన ఆ బర్రెను ఏరు దాటించారు. దాని వెనక అడవి పోతు దాటింది. పోతు వెనక గుంపంతా దాటింది. డప్పు లేదు, అరుపు లేదు, దుమ్ము కూడా లేవలేదు. వేటగాళ్ల నుంచి వాళ్లు గుంపును తప్పించే పద్ధతి ఇదే కాబోలు. ఇన్నేళ్లు వాళ్ల మధ్య తిరిగిన నాకు ఆ క్షణం దాకా తెలియలేదు.

వెనక్కి తిరిగి చూశాను. మామ తల ఎత్తలేదు.

"ఆ చప్పుడేమిటి?" అని అడిగాడు అధికారి.

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. గుంపు ఉంది హుజూర్, మిమ్మల్ని వేటగాడనుకుని దాటించారు అంటే చాలు. ఆయన అర్థం చేసుకునే మనిషే. ఇంకో రోజు వచ్చి ఉండేవాడు, లేదా అవతలికి పోయి చూసి ఉండేవాడు. కానీ అలా చెబితే ఆయన వెంటనే అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. నువ్వు చెప్పలేదా, నీ మాట ఎందుకు నమ్మలేదు? దానికి జవాబు చెప్పాలంటే ఐదారేళ్ల వెనక్కి పోవాలి. గూడేనికి శిక్ష పడుతుందేమో అని కూడా భయపడ్డాను, ఆ మాట నిజమే. కానీ ముందు భయపడింది నాకోసం.

"ఎవరిదో పశువు హుజూర్" అన్నాను.

ఆయన గొట్టాన్ని అటు తిప్పాడు. గుంపు అప్పటికే చెట్ల చాటుకు చేరి ఉండాలి, అవతలి గట్టున ఒక ఆడమనిషీ, తాడు కట్టిన ఒక ఇంటి బర్రే కనిపించి ఉంటాయి. ఇంటి బర్రె అని గొణుక్కుని మళ్లీ ఇటు తిప్పేశాడు. పొద్దు వాలేదాకా అలాగే పడుకున్నాడు. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి మధ్యాహ్నం దాకా చూశాడు. అడుగులున్నాయి కదా అని నేను గొణిగితే, ఇక్కడ ఇంటి బర్రెలు కూడా మేస్తాయని నువ్వే రాశావు కదా అన్నాడు. వెళ్లేటప్పుడు అర్జీ తీసి నా చేతికి తిరిగి ఇచ్చాడు. "అర్జీ మంచిది. దీన్ని నమ్మాలని నాకు చాలా ఉంది. కానీ చూడనిది రాయలేను." ఆయన మొహంలో ఉన్న దిగులు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. గుర్రం కళ్లెం పట్టుకున్నాను.

వానలు పోయాక రంపాలు వచ్చాయి. బీడులో గడ్డి తగలబెట్టి చదును చేశారు, దిమ్మెలు గుట్టలుగా పేర్చారు. మడుగును బండ్ల దారి కోసం పూడ్చారు. మూడు గూడేల మగవాళ్లను ఆ మానులు మోయడానికే తోలారు, ఆ హుకుం కూడా నా నోటితోనే వినిపించాను. గుంపు తిరిగి వద్దామని ఏటి దాకా వచ్చి, పొగ చూసి నిలబడి, వెనక్కి పోయేదట. అవతలి ఒడ్డున వాటికి ఎవరూ చుట్టాలు లేరు. అప్పుడప్పుడు అటునుంచి తుపాకి చప్పుడు వినిపించేది. వినిపించిన ప్రతిసారీ మామ గూడెంలో కుండలు పగిలేవి. సంతలో కుమ్మరి నన్ను ఒకసారి అడిగాడు, ఏంది సారూ, ఆ గూడెంల కుండలు నిలుస్తలేవా, వారం వారం వస్తండ్రు అని. ఏమో అన్నాను.

నేను గూడేనికి పోవడం తగ్గించాను. పోయినా వాకిట్లో కూర్చునేవాణ్ణి కాదు, నిలబడే హుకుం చెప్పి వచ్చేవాణ్ణి. అలా చాలా ఏళ్లు గడిచాయి. రాజ్యం పోయి బస్తర్ దేశంలో కలిసే నాటికి గుంపులో ఒక ముసలి పోతు మాత్రమే మిగిలిందన్నారు. ఒకరోజు పొద్దున మామ తమ్ముడు వచ్చి, అన్న రమ్మంటున్నాడని పిలిచాడు.

పోతు బీడులోనే చచ్చి పడి ఉంది. ఒకప్పుడు మడుగు ఉన్నచోట, ఇప్పుడు బండ్ల దారిలో. గాయం ఏమీ లేదు, ముసలితనం. డొక్కలు తేలి ఉన్నాయి. కొమ్ముల మీద నాచు ఎండిపోయి ఉంది. మామ దాని తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆయన కూడా బాగా ముసలివాడయ్యాడు, చేతిలో నార లేదు. నేను పక్కన కూర్చున్నాను. అంతదాకా వచ్చాక ఇక దాచుకోవడానికి నాకేమీ మిగల్లేదు.

"ఆ రెండోసారి వచ్చినాయన నిజంగ చూడనీకే వచ్చిండు మామా" అన్నాను. "ఆ సంచిల తుపాకి లేదు. చూసే గొట్టం. చూసి ఉంటే బీడు మిగిలేది."

"ఎరుకైంది. తర్వాత ఎరుకైంది" అన్నాడు. పోతు చెవి మీది ఈగలను తోలుతూ అడిగాడు, "ఆ మొదటిసారి? వాడు కాల్చనీకే వస్తండని నీకు ముందుగాల్నే ఎరికేనా?"

"ఎరికే మామా. తూటాల పెట్టె మూటల చుట్టి నేనే మోసిన."

ఆయన చేయి ఆగింది. నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకెరుక లేదు అల్లుడా" అన్నాడు. "నిన్ను గూడ మోసం జేసిండ్రనుకున్న. పిల్లగాడు, వాళ్లు జెప్పింది నమ్మి జెప్పిండనుకున్న. రెండోసారి నువ్ ఉరుక్కుంట వస్తే, అయ్యో, మళ్ల నమ్మిండు, మళ్ల మోసపోతండు అనుకున్న. అయినా నువ్ అంత జెప్తివని, ఆని చేతులు ఉత్తగ ఉంటే చూపిద్దామనే ఉంటి. సంచి చూసి తలగుడ్డ దులిపి గుట్ట మీది తమ్మునికి సైగ జేసిన." మళ్లీ పోతు వైపు తిరిగి అన్నాడు, "ఆనాడు అబద్ధం నాదే మామా అని ఒక్క మాట జెప్పి ఉంటే, ఈసారి నిజమని నమ్ముదును గద."

ఇన్నేళ్లూ ఆయన నన్ను అబద్ధాలకోరు అనుకుని నమ్మలేదని నేను నమ్మాను. అదొక రకంగా నాకు సుఖంగానే ఉండేది, తప్పుకు తగ్గ శిక్ష పడిందని. ఆయన ఒక్కరోజు కూడా అలా అనుకోలేదు. నా అంబలి ఆగకపోవడానికి కారణం అదే. నేను మంచివాడినని నమ్మినందుకే ఆయన బీడు పోయింది.

ఆయన వాళ్లు వచ్చి పోతు మీద ఆకులు కప్పారు. మామ మోకాళ్లు పట్టుకుని లేచాడు. నేను చేయి అందిస్తే పట్టుకున్నాడు. "ఇంట్ల నీళ్లకుండ ఉన్నదా అల్లుడా?" అని అడిగాడు. ఉందన్నాను. ఆయన గూడెం వైపు నడిచాడు.

నేను ఇంటికి వచ్చి, నా భార్య అప్పుడే నింపి పెట్టిన కుండను ఎత్తి వాకిట్లో పగలగొట్టాను. ఏటికి పోయి తలకు పోసుకుని తడి బట్టలతో వచ్చి గడప మీద కూర్చున్నాను. ఆమె పెంకులు ఏరుతూ, మనవాళ్లెవరు పోయారని భయంగా అడిగింది. చెప్పాను. తూటాల పెట్టె మోసిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్పాను.